తెల్ల తెర దగ్గరే ఆగిపోయే ఆన్‌లైన్ కోర్సులు: లోపం నెట్‌లోనా, బ్రౌజర్‌లోనా, కోర్సులోనా?

మార్చి నెలాఖరు దగ్గరపడే కొద్దీ బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో ఒక రకం మెయిళ్లు ఎక్కువవుతాయి. సమాచార భద్రత మీదో, పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణ మీదో పెట్టిన తప్పనిసరి కోర్సు ఇంకా పూర్తి కాలేదని, శుక్రవారంలోగా ముగించాలని హెచ్‌ఆర్ గుర్తుచేస్తుంది. మారతహళ్లి పీజీ గదిలోనో, కేఆర్ పురం అద్దె ఇంట్లోనో రాత్రి భోంచేసి, ల్యాప్‌టాప్ తెరిచి కోర్సు మీద నొక్కితే కొత్త విండో వస్తుంది. అందులో ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. లేదంటే అదీ ఉండదు, ఉత్త తెల్ల తెర. "అన్నా, కోర్సు ఓపెన్ అవట్లేదు" అని వాట్సాప్ గ్రూపులో పెడితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "క్యాష్ క్లియర్ చేసి చూడు." అంటే బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లను తుడిచేయమని.

ఆ సలహా కొన్నిసార్లు పనిచేస్తుంది. కొన్నిసార్లు ఏమీ మార్చదు. ఒక్కోసారి అప్పటిదాకా చదివిన పాఠాల లెక్కను కూడా చెరిపేస్తుంది. గడువు ముందున్నప్పుడు ఆ టెన్షన్ చిన్నది కాదు.

క్లుప్తంగా: ఆన్‌లైన్ కోర్సు అంటే ఒకే పేజీ కాదు. వేర్వేరు చోట్ల నుంచి వచ్చే ముక్కలు బ్రౌజర్‌లో కలిస్తేనే అది తెరుచుకుంటుంది. 2020 తర్వాత బ్రౌజర్ల భద్రతా నియమాలు బాగా మారాయి, కోర్సులు మాత్రం చాలాచోట్ల పాతవే. తెల్ల తెరకు కారణం చదివేవాళ్ల నెట్ కావచ్చు, ఆఫీసు నెట్‌వర్క్ కావచ్చు, కోర్సు ప్యాకేజీయే కావచ్చు. ఒక్కో మార్పు చేసి చూస్తే ఏది కారణమో పది నిమిషాల్లో చాలావరకు తేలుతుంది. బ్రౌజర్ డేటా తుడిచేయడం చివర్లో చేయాల్సిన పని, మొదట కాదు.

## విస్తరి ఖాళీగా ఉంటే ఆలస్యం ఎవరిది?

పెళ్లి భోజనంలో హాలు ఒకరిది, వంట ఇంకొకరిది, వడ్డన మరొకరిది. విస్తరి ముందు కూర్చున్న అతిథికి ఇవేవీ కనిపించవు, ఖాళీ విస్తరే కనిపిస్తుంది. ఆన్‌లైన్ కోర్సు పరిస్థితి కూడా ఇంతే.

లాగిన్ అయ్యే వేదిక ఒకటి ఉంటుంది. దాన్ని ఎల్ఎంఎస్ అంటారు. మూడిల్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ఎవరు ఏ కోర్సులో చేరారు, ఎంత పూర్తి చేశారు అనే లెక్క అక్కడ ఉంటుంది. స్లైడ్లు, బొమ్మలు, ప్రశ్నలు ఉండే కోర్సు ప్యాకేజీ అదే సర్వర్‌లో ఉండొచ్చు, కోర్సు తయారుచేసిన సంస్థ సర్వర్‌లోనూ ఉండొచ్చు. వీడియోలు మూడో చోటు నుంచి వస్తాయి. ఫాంట్లు, చిన్న చిన్న ప్రోగ్రాం ముక్కలు ఇంకో చోటు నుంచి. వీటన్నిటినీ తెచ్చి ఒక తెర మీద అమర్చే పని బ్రౌజర్‌ది. ఒక్క ముఖ్యమైన ముక్క రాకపోయినా మిగతావి వచ్చి కూర్చుని ఎదురుచూస్తాయి. ఆ ఎదురుచూపే తిరుగుతున్న చక్రం.

"యూట్యూబ్ బాగానే వస్తోంది కదా, కోర్సే ఎందుకు రాదు?" అనే ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పెద్ద వీడియో సైట్లు ఒకే వీడియోను పలు నాణ్యతల్లో సిద్ధం చేసి, కొన్ని సెకన్ల ముక్కలుగా పంపుతాయి. నెట్ నెమ్మదిస్తే తక్కువ నాణ్యత ముక్క వస్తుంది, బొమ్మ మసకబారుతుంది కానీ ఆగదు. చాలా కోర్సు ప్యాకేజీల్లో వీడియో ఒకే సైజు ఫైలుగా ఉంటుంది. నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా అదే ఫైలు రావాలి. పైగా కొన్ని ఫైళ్లలో వీడియో వివరాల పట్టిక చివర్లో ఉంటుంది. ఫైలును ముక్కగా అడిగే వీలు సర్వర్ ఇవ్వకపోతే, మొత్తం దిగేదాకా మొదటి సెకను కూడా కనిపించదు. ఐఫోన్‌లోని సఫారీ అయితే అలా ముక్కలుగా ఇవ్వని సర్వర్ నుంచి వీడియోను అసలు ఆడించదు. అందుకే అదే పాఠం ల్యాప్‌టాప్‌లో వచ్చి ఐఫోన్‌లో రాకపోవడం జరుగుతుంది. అందులో ఫోన్ తప్పు లేదు.

## 2001 నాటి ఒప్పందం

ఈ సమస్యలో లోతుగా చూడాల్సిన భాగం స్కార్మ్. కార్పొరేట్ శిక్షణలో పనిచేసేవాళ్లు రోజూ వాడే మాట ఇది, కోర్సు చదివేవాళ్లు మాత్రం దాదాపు ఎప్పుడూ వినరు. ఏ కంపెనీ తయారుచేసిన కోర్సయినా ఏ వేదికలోనైనా నడవాలనే ఉద్దేశంతో అమెరికా రక్షణ శాఖ చొరవతో వచ్చిన ప్రమాణం ఇది. 1.2 వెర్షన్ 2001లో వచ్చింది. తర్వాత 2004 పేరుతో ఇంకొకటి వచ్చింది. ఆ మొదటిదే ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉంది.

అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. కోర్సు తెరుచుకోగానే, తనను తెరిచిన విండోలో వేదిక ఉంచిన ఒక ప్రోగ్రాం వస్తువు కోసం వెతుకుతుంది. దొరక్కపోతే దాని పై విండోలో, ఆ పైదానిలో చూసుకుంటూ పోతుంది. దొరికితే "ఈ వ్యక్తి ఎవరు, ఎక్కడ ఆపారు" అని అడిగి పాఠం మొదలుపెడుతుంది. దొరక్కపోతే కొన్ని కోర్సులు ఎర్రర్ చూపిస్తాయి, కొన్ని మౌనంగా ఆగిపోతాయి.

వేదిక ఒక వెబ్‌సైట్‌లో, కోర్సు ఫైళ్లు మరో వెబ్‌సైట్‌లో ఉంటే ఈ వెతుకులాటను బ్రౌజర్ అడ్డుకుంటుంది. ఒక సైటు పేజీ ఇంకో సైటు పేజీ లోపలికి తొంగిచూడకూడదన్నది బ్రౌజర్ల పాత, అవసరమైన నియమం. బ్యాంకు పేజీలను కాపాడేది కూడా అదే. కాబట్టి దీన్ని చదివేవాళ్లు తమవైపు నుంచి సరిచేయలేరు, చేయకూడదు కూడా. అమర్చినవాళ్లే మార్చాలి.

రెండో చిక్కు జ్ఞాపకానిది. మధ్యలో ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టడానికి కోర్సు తన స్థితిని వేదిక దగ్గర దాచుకుంటుంది. స్కార్మ్ 1.2లో దానికిచ్చిన జాగా 4,096 అక్షరాలు మాత్రమే. ప్రతి స్లైడులో ఏది నొక్కారో, ఏ ప్రశ్నకు ఏ జవాబిచ్చారో అన్నీ దాచే పొడవాటి కోర్సుకు అది చాలదు. ఆ హద్దు దాటితే కొన్ని వేదికలు సమాచారాన్ని మధ్యలో కత్తిరిస్తాయి. అప్పుడు జరిగేది వింతగా ఉంటుంది: మొదటి రోజు కోర్సు చక్కగా తెరుచుకుంటుంది, సగం దాటి ఆపి మర్నాడు తెరిస్తే లోడింగ్ దగ్గరే నిలిచిపోతుంది. తెగిపోయిన ఆ సమాచారం కోర్సుకు అర్థం కాదు. "నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు" అనే ఫిర్యాదు వినగానే నెట్‌ను అనుమానించడం సహజం. అయితే సహోద్యోగికి అదే కోర్సు మొదటిసారి తెరుచుకుని, సగంలో ఆపినవాళ్లకే రాకపోతే ఈ కారణాన్ని ముందు చూడాలి.

మూడోది పూర్తయిన లెక్క. చివరి స్లైడు చూసి విండో మూసేసే క్షణంలో వేదికకు సమాచారం పంపేలా పాత కోర్సులు రాశారు. ఆ పంపడం అయ్యేదాకా బ్రౌజర్‌ను ఆపి ఉంచే పద్ధతి అది. దానివల్ల పేజీలు మూసుకోవడానికి ఆలస్యమవుతోందని క్రోమ్ 2020లో ఆ దారిని మూసేయడం మొదలుపెట్టింది. కోర్సు మొత్తం చూసినా హాజరు పట్టీలో "అసంపూర్తి" అని మిగలడానికి ఇదొక కారణం. చివరి స్లైడు చేరాక కోర్సులోనే ఉండే "ఎగ్జిట్" బటన్ నొక్కి, కొన్ని సెకన్లు ఆగి విండో మూయడం అందుకే మంచిది. ఇది చిన్న జాగ్రత్తే అయినా గంటల శ్రమను కాపాడుతుంది.

## ఫ్లాష్ వెళ్లిపోయింది, ఫైళ్లు మిగిలాయి

2000ల నుంచి చాలా ఏళ్లు కదిలే బొమ్మలున్న పాఠమంటే ఫ్లాషే. దానికి మద్దతు ఆపేస్తామని అడోబీ 2017 జూలైలో ప్రకటించింది, 2020 డిసెంబర్ 31తో ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ కంటెంట్ నడవకుండా అడ్డుకుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అదే నెలలో దాన్ని పూర్తిగా తీసేశాయి. భద్రతా లోపాలే ప్రధాన కారణం. అప్పటి ఫైళ్లు కోర్సు జాబితాల్లో ఇంకా ఉన్నచోట బొమ్మ ఉండాల్సిన స్థలం ఖాళీగానో బూడిద రంగులోనో కనిపిస్తుంది. "ఫ్లాష్ ప్లేయర్ ఇన్‌స్టాల్ చేయండి" అని ఏదైనా సైటు అడిగితే దాన్ని నమ్మకూడదు. ఇప్పుడు ఆ పేరుతో దొరికే డౌన్‌లోడ్‌లలో వైరస్‌లు ఉండే ప్రమాదం ఎక్కువ. ఫ్లాష్‌ను అనుకరించే రఫుల్ అనే ప్రోగ్రాం (ఎమ్యులేటర్) కొన్ని పాత ఫైళ్లను నడపగలదు, మార్కులు లెక్కించే క్లిష్టమైన కోర్సుల విషయంలో దాని మీద ఆధారపడలేం.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కథ కూడా దీనికి దగ్గరే. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దాన్ని విరమించింది. ఆ బ్రౌజర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసిన కోర్సులకు మైక్రోసాఫ్ట్ కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో, పేజీని పాత ఎక్స్‌ప్లోరర్‌లా నడిపే ఐఈ మోడ్ దిక్కు. దాన్ని కంపెనీ ఐటీ విభాగమే ముందుగా అమర్చి ఉంచాలి.

## కుకీల గోడ, ఇన్‌కాగ్నిటో తికమక

లాగిన్ అయినవాళ్లు ఎవరో గుర్తుపెట్టుకోవడానికి సైటు బ్రౌజర్‌లో ఉంచే చిన్న చీటీ కుకీ. ఎల్ఎంఎస్ పేజీ లోపల చిన్న చట్రంలో వేరే సైటు కోర్సు తెరుచుకుంటే, ఆ వేరే సైటు కుకీని బ్రౌజర్ "మూడో పక్షం" కుకీగా చూస్తుంది. ప్రకటనల కంపెనీలు మనుషులను సైటు నుంచి సైటుకు వెంబడించేది ఇదే దారిలో. అందుకే బ్రౌజర్లు దీన్ని బిగించాయి. సఫారీ 2020 మార్చిలో వాటిని పూర్తిగా ఆపింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ఒక్కో సైటు కుకీలను విడివిడి డబ్బాల్లో పెడుతోంది. క్రోమ్ 2020లో తీసేస్తామని చెప్పి, పలుమార్లు వాయిదా వేసి, 2024 జూలైలో ఆ ఆలోచన మార్చుకుంది. అయితే ఇన్‌కాగ్నిటోలో, అంటే చూసిన సైట్ల చరిత్రను దాచుకోని ప్రైవేట్ విండోలో, మాత్రం మామూలుగా వాటిని ఆపే ఉంచుతుంది.

ఫలితం ఇలా ఉంటుంది: ఎల్ఎంఎస్‌లో లాగిన్ అయ్యే ఉన్నా, లోపలి చట్రం మళ్లీ లాగిన్ అడుగుతుంది. ఇచ్చినా మళ్లీ అదే పేజీకి తిరిగొస్తుంది. ఎన్నిసార్లు చేసినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఇక్కడే ఒక సాధారణ సలహా తప్పుదారి పట్టిస్తుంది. "ఇన్‌కాగ్నిటోలో తెరిచి చూడు" అంటారు. అందులో రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ లాంటి, బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకున్న ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, దాంతోపాటు మూడో పక్షం కుకీలూ ఆగిపోతాయి. కోర్సు ఇన్‌కాగ్నిటోలో తెరుచుకుంటే ఏదో ఎక్స్‌టెన్షనో, పాతబడిన కుకీనో, క్యాష్‌లో మిగిలిన పాత ఫైలో కారణమని దాదాపు నిర్ధారణకు రావచ్చు. తెరుచుకోకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. అసలు కారణం పోయినా కుకీల నియమం కొత్తగా అడ్డుపడి ఉండొచ్చు. కాబట్టి ఆ పరీక్షలో "అవును"కు విలువుంది, "కాదు"కు లేదు.

వెబ్‌పేజీని బ్రౌజర్ తనంతట అనువదించే సౌకర్యం కూడా కొన్ని కోర్సులను పాడుచేస్తుంది. ఇంగ్లిష్ పాఠాన్ని తెలుగులో చదువుదామని ఆ సౌకర్యం ఆన్ చేస్తే, పేజీలోని అక్షరాల చుట్టూ అది కొత్త ముక్కలు చొప్పిస్తుంది. ప్రతి క్లిక్‌కూ తెరను తిరగరాసే ఆధునిక కోర్సుల ప్రోగ్రాం అప్పుడు తడబడి ఆగిపోవచ్చు. ఇంగ్లిష్ కష్టంగా ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం నిజంగా అవసరం. అందుకే ఈ లోపం బాధ కలిగించేది. కోర్సు ఆగితే ముందు అనువాదం తీసేసి చూడాలి.

## ఆఫీసు నెట్, పీజీ వైఫై

బెంగళూరులో ఒకే మనిషి రోజులో మూడు రకాల నెట్ వాడడం మామూలు: ఆఫీసులో కంపెనీ నెట్‌వర్క్, పీజీలో పంచుకునే వైఫై, దారిలో ఫోన్ డేటా. మూడింటి స్వభావం వేరు.

కంపెనీ నెట్‌వర్క్ సైట్లను వడపోస్తుంది. ఎల్ఎంఎస్‌కు అనుమతి ఉండి, వీడియోలు వచ్చే సైటుకు లేకపోతే స్లైడు వస్తుంది, వీడియో చోట నల్ల డబ్బా మిగులుతుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక "స్వయం"లోని ఎన్‌పీటెల్ పాఠాలు ఇందుకు మంచి ఉదాహరణ. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ వీడియోలు యూట్యూబ్‌లోనే ఉంటాయి. యూట్యూబ్‌ను ఆపేసిన ఆఫీసులో ఆ కోర్సు పేజీ తెరుచుకుంటుంది, పాఠం తెరుచుకోదు. దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. కొన్ని కంపెనీల కోర్సులు వీపీఎన్ (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి చేర్చే సురక్షిత దారి) ద్వారా వచ్చినవాళ్లకే తెరుచుకుంటాయి. ఇంట్లో వీపీఎన్ కలపడం మరిస్తే 403 అనే నిరాకరణ వస్తుంది.

పీజీ వైఫైలో మొదట ఒక లాగిన్ పేజీ వస్తుంది. కొన్ని గంటలకు ఆ అనుమతి గడువు ముగుస్తుంది. ముగిసిందని చెప్పే సందేశం మాత్రం కోర్సు విండోలో కనిపించదు. అప్పటికే దిగిన స్లైడ్లు నడుస్తాయి, తర్వాతిది రాదు. కోర్సే పాడైందని అనిపిస్తుంది. వేరే ట్యాబ్‌లో మామూలు సైటు ఏదైనా తెరిస్తే వైఫై లాగిన్ పేజీ బయటపడుతుంది.

కంప్యూటర్ గడియారం తప్పుగా ఉన్నా సురక్షిత సైట్లు తెరుచుకోవు. సైటు ధ్రువపత్రానికి గడువు తేదీలు ఉంటాయి కాబట్టి, తేదీ తప్పితే బ్రౌజర్ దాన్ని నమ్మదు. మదర్‌బోర్డులో బటన్ బ్యాటరీ అయిపోయిన పాత డెస్క్‌టాప్‌లలో ఇది తరచూ జరుగుతుంది. విండోస్ 7 మీద ఇంకా నడుస్తున్న యంత్రాలకు క్రోమ్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. కొత్త కోర్సులు అందులో తడబడితే ఆశ్చర్యం లేదు.

## ఒక్కో మార్పే చేసి చూడాలి

మొదట అడగాల్సింది యంత్రాన్ని కాదు, మనిషిని: అదే కోర్సు పక్కవాళ్లకు తెరుచుకుంటోందా? ఎవరికీ తెరుచుకోకపోతే చదివేవాళ్లవైపు చేయాల్సింది ఏమీ లేదు, సమాచారం ఇవ్వడం తప్ప. వాళ్లకు వస్తే ముందు పాపప్‌లను, అంటే సైటు తెరిచే కొత్త విండోలను, బ్రౌజర్ ఆపిందేమో చూడాలి. అడ్రస్ బార్ చివర చిన్న గుర్తు కనిపిస్తుంది. తర్వాత ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి అదే బ్రౌజర్‌లో తెరవాలి. వస్తే నెట్‌వర్క్ కారణం. రాకపోతే నెట్ మార్చకుండా ఇంకో బ్రౌజర్‌లో చూడాలి. నెట్టు, బ్రౌజరు, యంత్రం మూడూ ఒకేసారి మారిస్తే కోర్సు తెరుచుకోవచ్చు గానీ కారణం తెలియదు. రేపు మళ్లీ అదే సమస్య వస్తుంది.

అప్పటికీ తేలకపోతే ల్యాప్‌టాప్‌లో ఎఫ్ 12 కీ నొక్కి, నెట్‌వర్క్ అనే ట్యాబ్ తెరిచి, పేజీని రీలోడ్ చేయాలి. ఎర్రగా కనిపించే వరుసలే ముఖ్యం. 404 ఉంటే ఆ ఫైలు అక్కడ లేదు. కోర్సును విండోస్‌లో తయారుచేసి లినక్స్ సర్వర్‌లో పెట్టినప్పుడు ఇది ఎక్కువ: ఫైలు పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. 403 అంటే అనుమతి లేదు. 500, 503 అంటే సర్వర్‌కే ఇబ్బంది. కన్సోల్ ట్యాబ్‌లో "బ్లాక్డ్" అనే మాట కనిపిస్తే అడ్డుకున్నది బ్రౌజరో, ఎక్స్‌టెన్షనో.

కొన్నిచోట్ల కోర్సు జిప్ ఫైలును పంపి, విప్పి ఇండెక్స్ ఫైలు మీద నొక్కమంటారు. కంప్యూటర్‌లోని ఫైలుగా తెరిచిన పేజీకి పక్క ఫైళ్లను చదివే అనుమతిని బ్రౌజర్లు చాలావరకు ఇవ్వవు. కాబట్టి అలాంటప్పుడు తెల్ల తెర రావడం సహజం. ప్యాకేజీలో లోపం లేకపోవచ్చు.

తెలుగు పాఠాల్లో ఇంకో రకం ఇబ్బంది ఉంది. పేజీ పూర్తిగా వస్తుంది, అక్షరాలు మాత్రం అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. అన్ని యంత్రాలూ గుర్తించే యూనికోడ్ పద్ధతిలో కాకుండా "అను" లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసిన పాఠాలివి. ఆ ఫాంట్ లేని యంత్రంలో అవి చదవడానికి రావు. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడమే దీనికి మందు.

## తుడిచేసే ముందు

ఇక మొదటి సలహా దగ్గరికి. క్యాష్ అంటే బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లు. కోర్సును కొత్తగా మార్చాక పాత ముక్క, కొత్త ముక్క కలిస్తే నిజంగానే ఆగిపోతుంది. దానికి కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కీలు కలిపి నొక్కితే చాలావరకు సరిపోతుంది. "సైట్ డేటా" మొత్తం తుడిచేయడం వేరే పని. ఆఫ్‌లైన్‌లో చదవడానికి దించుకున్న పాఠాలు, ఇంకా వేదికకు చేరని జవాబులు కొన్ని కోర్సుల్లో బ్రౌజర్‌లోనే ఉంటాయి. అవి పోతే తిరిగి రావు. ఎంత పూర్తయిందో చూపే పేజీని ముందు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి.

హెల్ప్‌డెస్క్‌కు టికెట్ పెట్టేటప్పుడు కోర్సు పేరు, బ్రౌజర్ వెర్షన్, ఏ నెట్‌లో ప్రయత్నించారు, ఎర్రటి వరుస స్క్రీన్‌షాట్, ప్రయత్నించిన సరైన సమయం రాయాలి. సర్వర్ తనలో జరిగినవి రాసుకునే లాగ్‌లు చాలావరకు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. "భారత సమయం" అని ఒక్క మాట చేర్చితే వెతికేవాళ్లకు పని తేలికవుతుంది. నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి మొత్తం రికార్డును హార్ ఫైలుగా పంపమని అడిగితే జాగ్రత్త అవసరం. అందులో పాస్‌వర్డ్ లేకుండానే ఖాతాలోకి పోనిచ్చే లాగిన్ టోకెన్లు ఉండొచ్చు కాబట్టి దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు.

## భారం ఎవరి మీద?

పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం అవగాహన కార్యక్రమాలు జరిపే బాధ్యతను యజమాని మీదే పెట్టింది. అలాంటి కోర్సు తెరుచుకోకపోతే గడువు దాటిన తప్పును ఉద్యోగి ఖాతాలో వేయడం న్యాయం కాదు. కోర్సు విడుదల చేసేముందు సఫారీలో, ఫైర్‌ఫాక్స్‌లో, వీపీఎన్ లేకుండా, సగంలో ఆపి మళ్లీ తెరిచి చూస్తే పైన చెప్పిన లోపాల్లో చాలావరకు అక్కడే దొరుకుతాయి.

కొత్త ప్రమాణాలు లేకపోలేదు. 2013లో వచ్చిన ఎక్స్ఏపీఐ, దాని మీద కట్టిన సీఎంఐ5 పై విండోలో వెతికే పద్ధతిని వదిలేసి, సమాచారాన్ని నేరుగా నెట్ ద్వారా సర్వర్‌కు పంపుతాయి. వాటికి మారాలంటే పాత కోర్సులను మళ్లీ తయారుచేయాలి. ఆ ఖర్చుకు చాలా సంస్థలు వెనకాడుతున్నాయి. ఐఈ మోడ్‌ను కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. దాని మీదే నడుస్తున్న కోర్సులు తమ జాబితాలో ఎన్ని ఉన్నాయో ఎల్ఎంఎస్ నడిపేవాళ్లు లెక్కపెట్టుకోవడానికి ఉన్న వ్యవధి అదే.